విడుదల బిల్డు దోషాలు

విడుదల బిల్డు దోషాలు అనగా, రాసినవారి కంప్యూటరులో సక్రమంగా పనిచేసి, వాడుకరుల కోసం తుది రూపంలో తయారు చేసిన తరువాత మాత్రమే బయటపడే సాఫ్టువేరు లోపాలు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చకపోయినా, అంతకుముందు చక్కగా నడిచినది విడుదల తరువాత ఆగిపోవడం, తప్పు ఫలితం ఇవ్వడం, ఖాళీ తెర చూపడం వీటి ముఖ్య లక్షణాలు. ఇటువంటి సందర్భాలలో ప్రోగ్రామర్లు చెప్పే "నా కంప్యూటరులో పనిచేస్తోంది" అనే మాట ఆ రంగంలో ఒక నానుడిగా స్థిరపడింది. ఆ మాట చాలావరకు నిజమే. అయితే అది దోషం లేదనడానికి రుజువు కాదు. రెండు చోట్ల మధ్య ఏదో ఒక తేడా ఉన్నదనడానికి ఆధారం మాత్రమే. ఆ తేడా ఏమిటో కనుగొనడమే ఈ దోషాల శోధనలో ప్రధానమైన పని.

బిల్డు అంటే ఏమిటి

ప్రోగ్రామరు సి, సి++, జావా వంటి భాషలలో రాసే పాఠాన్ని సోర్సు కోడు అంటారు. దానిని యంత్రం అమలు చేయగల రూపంలోకి మార్చి, అవసరమైన లైబ్రరీలు, బొమ్మలు, అమరికల ఫైళ్ళతో కలిపి ఒక మూటగా కట్టే ప్రక్రియను బిల్డు అంటారు. అలా తయారైన మూటకు కూడా అదే పేరు వాడుకలో ఉంది.

ఒకే సోర్సు కోడు నుండి సాధారణంగా రెండు రకాల బిల్డులు తయారవుతాయి. మొదటిది డీబగ్ బిల్డు. ఇది ప్రోగ్రామరు తప్పులు వెతుక్కోవడానికి ఉద్దేశించినది. ఇందులో అదనపు తనిఖీలు, ప్రతి ఆదేశం సోర్సు కోడులో ఏ వరుసకు చెందినదో తెలిపే గుర్తులు ఉంటాయి. వేగం తక్కువ, పరిమాణం ఎక్కువ. రెండవది రిలీజ్ బిల్డు. ఇది వాడుకరుల కోసం తయారయ్యేది. ఇందులో తనిఖీలను తొలగించి, కోడును కుదించి, వేగంగా నడిచేలా మార్పులు చేస్తారు.

అందువలన ప్రోగ్రామరు రోజంతా పరీక్షించే వస్తువు ఒకటి, వాడుకరి చేతికి చేరే వస్తువు మరొకటి. వాటికి మూలం ఒకటే అయినా అవి ఒకే వస్తువు కావు. పైగా అవి నడిచే చోట్లు కూడా వేరు. ఈ రెండు తేడాలలో ఏదో ఒకదాని నుండే ఈ దోషాలు పుడతాయి.

బిల్డులోని తేడాల వలన కలిగే దోషాలు

విలువ ఇవ్వని చలరాశులు

సి, సి++ భాషలలో ఒక చలరాశికి తొలి విలువ ఇవ్వకుండా వాడితే, ఆ జ్ఞాపక స్థలంలో అంతకుముందు మిగిలి ఉన్న అంకె దాని విలువ అవుతుంది. మైక్రోసాఫ్ట్ విజువల్ సి++ డీబగ్ బిల్డులో ఇటువంటి స్థలాలను సాధారణంగా ఒక నిర్ణీత సంఖ్యతో నింపుతారు. ఫంక్షనులోని స్థానిక చలరాశుల స్థలంలో 204, కొత్తగా కేటాయించిన జ్ఞాపక స్థలంలో 205 అనే బైట్లు ఉంటాయి. తప్పును సులువుగా గుర్తుపట్టడానికే ఈ ఏర్పాటు. అయితే దీనికి ఒక వింత పర్యవసానం ఉంది. అవును, కాదు అనే రెండు విలువలలో ఒకదానిని ఉంచవలసిన చలరాశిలో 204 ఉంటే, సున్నా కాదు కాబట్టి అది ప్రతిసారీ "అవును" అవుతుంది. ప్రోగ్రాము ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. రిలీజ్ బిల్డులో ఆ స్థలాన్ని ఎవరూ నింపరు. అక్కడ ఒకసారి సున్నా, మరొకసారి మరేదో ఉంటుంది. అప్పుడు ప్రోగ్రాము కొన్నిసార్లు పనిచేసి, కొన్నిసార్లు విఫలమవుతుంది.

కంపైలరు చేసే మార్పులు

రిలీజ్ బిల్డులో కంపైలరు అనవసరమనుకున్న ఆదేశాలను తొలగిస్తుంది, కొన్నింటి వరుస మారుస్తుంది. భాషా ప్రమాణాన్ని పాటించిన ప్రోగ్రాముకు దీనివలన హాని లేదు. ప్రమాణం నిషేధించిన పనులు ప్రోగ్రాములో ఉంటే మాత్రం ఫలితం ఊహించనలవి కాదు. 

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2009లో లినక్స్ కెర్నెలులో బయటపడింది. నెట్‌వర్కుకు సంబంధించిన ఒక డ్రైవరులో, ఒక చిరునామా వద్ద ఉన్న సమాచారాన్ని ముందుగా చదివి, ఆ చిరునామా శూన్యమా కాదా అనే తనిఖీని ఆ తరువాత రాశారు. శూన్య చిరునామాను చదవడం సి ప్రమాణం ప్రకారం నిషిద్ధం. ముందే చదివారు కాబట్టి అది శూన్యం కాజాలదని జీసీసీ కంపైలరు భావించి, తరువాతి తనిఖీని అనవసరమని తొలగించింది. సోర్సు కోడు చదివేవారికి తనిఖీ కనిపిస్తూనే ఉంది, తయారైన కెర్నెలులో మాత్రం అది లేదు. ఆ లోపాన్ని దాడులకు వాడుకోవచ్చని తేలడంతో కోడును సరిదిద్దడమే కాక, ఇటువంటి తనిఖీలను తొలగించరాదని కంపైలరుకు తెలిపే ఐచ్ఛికాన్ని కెర్నెలు బిల్డులో చేర్చారు.

తనిఖీతోపాటు పోయే పని

సి భాషలో "అసర్ట్" అనే తనిఖీ వాక్యం ఉంది. ఒక షరతు నెరవేరకపోతే ఇది ప్రోగ్రామును ఆపివేస్తుంది. రిలీజ్ బిల్డులో వేగం కోసం ఈ వాక్యాలన్నిటినీ తొలగించడం పరిపాటి. పైథాన్ భాషలో కూడా తగిన ఐచ్ఛికంతో నడిపితే ఇవి తొలగిపోతాయి. తనిఖీ వాక్యం లోపలే ఏదైనా అసలు పనిని రాస్తే, ఉదాహరణకు ఫైలును తెరిచే ఆదేశాన్ని అందులోనే ఉంచితే, తనిఖీతోపాటు ఆ పని కూడా మాయమవుతుంది. డీబగ్ బిల్డులో ఫైలు తెరుచుకుంటుంది, రిలీజ్ బిల్డులో తెరుచుకోదు.

పేర్ల కుదింపు

ఆండ్రాయిడ్ అనువర్తనాల రిలీజ్ బిల్డులో ప్రోగార్డ్, ఆర్8 వంటి పనిముట్లు వాడని కోడును తొలగించి, పొడవైన పేర్లను ఒకటి రెండు అక్షరాలకు కుదిస్తాయి. 2019లో వెలువడిన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 3.4 నుండి ఆర్8 ఈ పనికి సహజ ఎంపిక అయింది. సర్వరు నుండి వచ్చే సమాచారంలోని పేర్లను ప్రోగ్రాములోని పేర్లతో పోల్చి విలువలు నింపే లైబ్రరీలకు ఈ కుదింపు ఇబ్బంది కలిగిస్తుంది. పరీక్షా ఫలితాలు చూపే ఒక అనువర్తనంలో "మార్కులు" అనే అర్థంలో పెట్టిన పేరు కుదింపు తరువాత "ఎ"గా మారిందనుకుంటే, సర్వరు పంపే సమాచారంలో "ఎ" అనే పేరు ఉండదు కనుక మార్కుల గడి ఖాళీగా మిగులుతుంది. ప్రోగ్రాము ఆగిపోదు, దోష సందేశమూ రాదు. కుదించరాని పేర్లను ముందుగా ఒక నియమాల ఫైలులో ప్రకటించడమే దీనికి మందు.

సంతకాలు, అనుమతులు

ఆండ్రాయిడ్ డీబగ్ బిల్డుపై పనిముట్లు తామే తయారు చేసుకున్న తాళంతో డిజిటల్ సంతకం చేస్తాయి. రిలీజ్ బిల్డుకు వేరే తాళం ఉంటుంది. పటాల సేవకు ఇచ్చిన అనుమతి డీబగ్ సంతకానికే పరిమితమైతే, విడుదల తరువాత పటం స్థానంలో ఖాళీ చట్రం కనిపిస్తుంది. అలాగే ఫ్లట్టర్ పనిముట్లతో రాసిన అనువర్తనాలలో ఇంటర్నెట్ అనుమతి డీబగ్ అమరికల ఫైలులో తనంతట తానే చేరుతుంది. ప్రధాన ఫైలులో దానిని చేర్చడం మరచిపోతే రిలీజ్ బిల్డు ఇంటర్నెట్‌ను చేరలేదు. కొత్తగా నేర్చుకునేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులలో ఇవి ముఖ్యమైనవి.

పరిసరాలలోని తేడాల వలన కలిగే దోషాలు

ఫైళ్ళు, లైబ్రరీలు

విండోస్ వ్యవస్థలో ఫైలు పేరులోని ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు భేదం పాటించరు. లినక్స్‌లో పాటిస్తారు. అందువలన విండోస్‌లో తెరుచుకున్న బొమ్మ లినక్స్ సర్వరులో "ఫైలు లేదు" అనిపించుకుంటుంది. ప్రోగ్రామరు కంప్యూటరులో ఎప్పుడో స్థాపించి మరచిపోయిన లైబ్రరీ, ఆ కంప్యూటరులో మాత్రమే ఉన్న పర్యావరణ చలరాశి, ఒక ప్రత్యేకమైన ఫోల్డరు పేరు, అడ్మినిస్ట్రేటరు అధికారాలు మొదలైనవన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇవి సోర్సు కోడులో కనిపించవు. కనుక కోడును ఎంత శ్రద్ధగా చదివినా దొరకవు.

కాలమానం

భారత ప్రామాణిక కాలం అంతర్జాతీయ సమన్వయ కాలం కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. అనేక సర్వర్ల గడియారాలను అంతర్జాతీయ కాలానికే అమరుస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో తెల్లవారుజామున 4 గంటలకు చేసిన నమోదు అటువంటి సర్వరులో ముందురోజు రాత్రి 10:30 గంటలుగా కనిపిస్తుంది. ప్రోగ్రాము తేదీని సర్వరు గడియారం నుండి నేరుగా తీసుకుంటే, అర్ధరాత్రి నుండి ఉదయం 5:30 వరకు జరిగే నమోదులన్నీ ముందురోజు లెక్కలోకి పోతాయి. పని వేళల్లో పరీక్షించేవారికి ఈ దోషం ఎన్నడూ కనిపించదు. ప్రోగ్రామరు కంప్యూటరు భారత కాలంలోనే ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున లేచి పరీక్షించినా అక్కడ కనిపించదు.

భాష, లిపి

తెలుగు అక్షరాలతో పనిచేసే సాఫ్టువేరులో ఈ రకపు దోషాలు ఎక్కువ. యూనికోడ్‌లోని తెలుగు సంకేతాలలో ప్రతిదీ యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్ల స్థలం తీసుకుంటుంది. "రామారావు" అనే పేరు చూపుకు 4 అక్షరాలే. యూనికోడ్‌లో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 8 సంకేతాలు, అనగా 24 బైట్లు. అదే పేరును ఇంగ్లీషు లిపిలో రాస్తే 7 లేదా 8 బైట్లు చాలు. పేరుకు 20 బైట్లు కేటాయించిన డేటాబేసును ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించి విడుదల చేస్తే, ఇటువంటి తెలుగు పేరు దగ్గర అది విఫలమవుతుంది.

మైసీక్వెల్ డేటాబేసులో 2018లో విడుదలైన 8.0 రూపానికి ముందు సహజ అక్షరకూర్పు లాటిన్-1గా ఉండేది. ప్రోగ్రామరు తన కంప్యూటరులో దానిని యూనికోడ్‌కు మార్చుకుని, సర్వరులో మార్చకపోతే, తెలుగు పాఠం స్థానంలో ప్రశ్నార్థకాల వరుస నిలిచేది. ఇందులో గమనించవలసిన సంగతి ఏమిటంటే, ప్రశ్నార్థకంగా మారి భద్రమైన అక్షరాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. తెలుగు ఖతి లేని సర్వరులో పీడీఎఫ్ తయారుచేస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఈ రెండవ సందర్భంలో అసలు సమాచారం చెడదు, ఖతి స్థాపిస్తే సరిపోతుంది. రెండూ చూడటానికి ఒకే రకంగా ఉన్నా నష్టంలో ఎంతో తేడా ఉన్నది.

కాలక్రమ దోషాలు

ఒకేసారి అనేక పనులు నడిపే ప్రోగ్రాములలో ఏ పని ముందు ముగుస్తుందనేది యంత్రపు వేగం మీద, పని భారం మీద ఆధారపడి ఉంటుంది. నిదానంగా నడిచే డీబగ్ బిల్డులో ఎప్పుడూ ఒకే వరుసలో ముగిసే రెండు పనులు, వేగంగా నడిచే రిలీజ్ బిల్డులో తారుమారు కావచ్చు. కారణం తెలుసుకుందామని మధ్యలో ఒక ముద్రణ వాక్యం చేరిస్తే, ఆ కాస్త ఆలస్యంతో దోషం కనిపించకుండా పోవచ్చు. పరిశీలన వలననే ప్రవర్తన మారే ఇటువంటి దోషాలకు భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ పేరు మీదుగా "హైసెన్‌బగ్" అనే పేరు వచ్చింది. కంప్యూటరు శాస్త్రవేత్త జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయనే విషయంపై రాసిన పత్రం ద్వారా ఈ పదం ప్రచారంలోకి వచ్చింది. ప్రతిసారీ ఒకే విధంగా కనిపించే దోషాలను ఆయన నీల్స్ బోర్ పేరుతో "బోర్‌బగ్" అన్నాడు.

చరిత్రలో కొన్ని సంఘటనలు

మార్స్ పాత్‌ఫైండర్, 1997

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అంగారక గ్రహంపై దిగింది. కొద్ది రోజులకే దానిలోని కంప్యూటరు తనంతట తాను మళ్ళీ మళ్ళీ మొదటి నుండి ప్రారంభం కాసాగింది. అలా జరిగినప్పుడల్లా ఆ రోజు మిగిలిన పనులు మరునాటికి వాయిదా పడేవి.

కారణం ప్రాధాన్యాల తారుమారు అని తేలింది. నౌకలోని సమాచార మార్గాన్ని నిర్వహించే పనికి అధిక ప్రాధాన్యం, వాతావరణ పరిశీలనకు తక్కువ ప్రాధాన్యం ఉండేవి. రెండింటికీ ఉమ్మడిగా ఒక వనరు ఉన్నది. దానిని ఒకసారి ఒకరే వాడుకోగలరు. వాతావరణ పరిశీలన ఆ వనరును పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల ఇతర పనులు వచ్చి దానిని ఆపివేసేవి. ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయునికి కావలసిన బీరువా తాళం అటెండరు దగ్గర ఉండగా, గుమాస్తా ఆ అటెండరును వేరే పని మీద పంపివేస్తే, ప్రధానోపాధ్యాయుడు గుమాస్తా పని ముగిసేదాకా ఎదురుచూడవలసి వస్తుంది. నౌకలో జరిగినదీ ఇదే. ముఖ్యమైన పని గడువులోగా ముగియకపోవడంతో భద్రతా ఏర్పాటు కంప్యూటరును తిరిగి ప్రారంభించేది.

భూమి మీద పరీక్షలలో కూడా ఇటువంటి పునఃప్రారంభాలు అరుదుగా కనిపించాయి. మళ్ళీ రప్పించలేకపోవడం వలన కారణం తేలలేదు. అంగారకుడి మీద సమాచార ప్రసారం ఊహించిన దానికన్నా బాగా సాగి, పరిశీలనలు పెరిగి, పని భారం పరీక్షలలో లేనంతగా అధికమైంది. అంటే పరిస్థితి ఆశించినదానికన్నా మెరుగ్గా ఉండటం వలన దోషం బయటపడింది.

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజినీర్లు తమ వద్ద ఉన్న నకలు యంత్రంలో దోషాన్ని తిరిగి రప్పించి కారణం కనుగొన్నారు. వనరును పట్టుకున్న పనికి తాత్కాలికంగా అధిక ప్రాధాన్యం కల్పించే సదుపాయం వీఎక్స్‌వర్క్స్ నిర్వాహక వ్యవస్థలో అప్పటికే ఉంది. ఆ వనరు విషయంలో దానిని ఆపి ఉంచారు. భూమి నుండి పంపిన మార్పుతో దానిని అమలులోకి తెచ్చారు. ఇది సాధ్యం కావడానికి ముఖ్య కారణం, పరీక్షలలో వాడిన శోధన సదుపాయాలను నౌకలోని సాఫ్టువేరు నుండి తొలగించకపోవడం. పరీక్షించినదే ఎగురవేయాలి, ఎగురవేసేదే పరీక్షించాలి అనే సూత్రాన్ని వారు పాటించారు.

ఏరియాన్ 5, 1996

1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలో సుమారు 40 సెకన్లకే ధ్వంసమైంది. దాని దిశానిర్దేశ సాఫ్టువేరులో కొంత భాగం ఏరియాన్ 4లో లోపం లేకుండా పనిచేసినదే. కొత్త రాకెట్టు గమన తీరు వేరు కావడంతో, ఒక విలువ 16 బిట్ల పూర్ణాంకపు గరిష్ఠ పరిమితి అయిన 32,767ను దాటిపోయి కంప్యూటరు ఆగిపోయింది. అదే సాఫ్టువేరు నడుస్తున్న అదనపు కంప్యూటరు కూడా అదే కారణంతో ఆగింది. ప్రోగ్రాము మారలేదు, దాని పరిసరాలు మారాయి.

నైట్ క్యాపిటల్, 2012

2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ తన 8 సర్వర్లలో కొత్త సాఫ్టువేరుతో వ్యాపారం ప్రారంభించింది. కొత్త కోడును 7 సర్వర్లలోకి మాత్రమే ఎక్కించారు. ఎనిమిదవదానిలో పాత కోడు మిగిలిపోయింది. 2003 నుండి వాడకంలో లేని ఒక పాత భాగానికి ఉన్న గుర్తునే కొత్త సదుపాయానికి తిరిగి వాడటంతో, ఎనిమిదవ సర్వరులో ఆ పాత భాగం మేల్కొంది. సుమారు 45 నిమిషాలలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగి, సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

దోషశోధన దృష్ట్యా ఇందులో రెండు విషయాలు ముఖ్యమైనవి. మార్కెట్టు తెరవకముందే సంస్థ వ్యవస్థ నుండి ఈ దోషానికి సంబంధించిన 97 ఈ-మెయిళ్ళు సిబ్బందికి వెళ్ళాయి. అవి హెచ్చరికలుగా ఉద్దేశించినవి కానందున ఎవరూ పట్టించుకోలేదు. రెండవది, దోషం కొత్త కోడులో ఉన్నదని భావించి సరిగా ఉన్న 7 సర్వర్ల నుండి దానిని తొలగించారు. దానితో ఆ ఏడింటిలోనూ పాత భాగం పనిచేయడం మొదలై నష్టం పెరిగింది. సర్వర్ల మధ్య తేడా ఏమిటో ముందుగా చూసి ఉంటే ఎనిమిదవ సర్వరు బయటపడేది. 2013లో ఈ సంస్థ గెట్కో సంస్థతో విలీనమైంది.

తెలుగు అక్షరంతో ఆగిన ఫోన్లు, 2018

2018 ఫిబ్రవరిలో యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.5 నిర్వాహక వ్యవస్థ గల ఫోన్లలో తెలుగు "జ్ఞా" అక్షరానికి చెందిన ఒక సంకేత క్రమాన్ని చూపబోయిన అనువర్తనాలు ఆగిపోసాగాయి. సందేశాల అనువర్తనంలో అటువంటి సందేశం చేరితే దానిని తెరవడమే కష్టమయ్యేది. "జ్ఞానం" అని మామూలుగా రాసిన మాటతో ఈ ఇబ్బంది లేదు. జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనిపించని "జోడించని శూన్య వెడల్పు" సంకేతం, ఆపైన దీర్ఘపు గుర్తు వచ్చినప్పుడే దోషం కనిపించేది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6లో దీనిని సరిదిద్దారు. పరీక్షలలో ఎదురుకాని సమాచారం కూడా పరిసరాలలో భాగమేనని ఈ సంఘటన తెలుపుతుంది.

దోషశోధన పద్ధతి

ఈ దోషాలను వెతకడానికి సాధారణంగా ఈ క్రమాన్ని అనుసరిస్తారు.

1. నష్టాన్ని ఆపడం: వాడుకరులు ఇబ్బంది పడుతూ ఉంటే ముందుగా పాత రూపానికి మరలాలి. అయితే మరలే ముందు లాగ్ ఫైళ్ళను, ఆగిపోయిన స్థితి నకలును భద్రపరచాలి. మరలడం వలన కొత్త చిక్కు రాదని ముందే పరీక్షించి ఉండాలి.

2. ఏది విఫలమైందో రూఢి చేసుకోవడం: వాడుకరి వద్ద ఉన్నది ఏ బిల్డు, ఏ తేదీది, ఏ అమరికలతో నడుస్తోంది అనేది ఊహతో కాక చూసి తెలుసుకోవాలి. సరిదిద్దిన రూపం సర్వరుకు చేరనే లేదని ఈ దశలోనే తేలడం అరుదు కాదు.

3. తుది రూపంలోనే దోషాన్ని తిరిగి రప్పించడం: డీబగ్ బిల్డులో వెతకడం వృథా శ్రమ. విఫలమైన బిల్డునే ప్రోగ్రామరు కంప్యూటరులోను, ప్రోగ్రామరు బిల్డును సర్వరు వంటి యంత్రంలోను నడిపి చూడాలి. ఈ రెండు పరీక్షలతో లోపం బిల్డుకు చెందినదా, పరిసరాలకు చెందినదా అనేది చాలావరకు తెలుస్తుంది.

4. తేడాల పట్టిక రాయడం: నిర్వాహక వ్యవస్థ, లైబ్రరీల రూపాలు, పర్యావరణ చలరాశులు, కాలమానం, అక్షరకూర్పు, అనుమతులు, సమాచార పరిమాణం మొదలైనవాటిని రెండు నిలువు వరుసలలో రాయాలి. రెండూ ఒకటే అని తోచినవాటిని కూడా సరిచూడాలి. దోషం తరచుగా అక్కడే దాగి ఉంటుంది.

5. సగానికి సగం తగ్గించడం: తేడాలలో సగాన్ని తొలగించి దోషం ఉందో లేదో చూడాలి. ఉంటే మిగిలిన సగంలోను, లేకపోతే తొలగించిన సగంలోను వెతకాలి. 1,024 మార్పులలో దోషం తెచ్చిన ఒక్కదానిని ఈ విధంగా 10 పరీక్షలలో పట్టుకోవచ్చు. గిట్ పనిముట్టులోని బైసెక్ట్ ఆదేశం ఈ సూత్రంపైనే పనిచేస్తుంది.

6. మధ్యస్థ బిల్డులు తయారుచేయడం: కంపైలరు మార్పులు ఉండి శోధన గుర్తులు కూడా ఉన్న బిల్డు, తనిఖీలు మాత్రమే తొలగించిన బిల్డు, పేర్ల కుదింపు మాత్రమే ఆపిన బిల్డు ఇలా ఒక్కొక్క తేడాతో తయారుచేస్తే కారణం త్వరగా తేలుతుంది. కుదించిన పేర్లను అసలు పేర్లతో ముడిపెట్టే ఫైలును ప్రతి విడుదలకూ దాచి ఉంచాలి.

7. రెండు వైపులా నిర్ధారించడం: దోషం మాయమైతే చాలదు. కనుగొన్న కారణాన్ని తిరిగి ప్రవేశపెడితే దోషం తిరిగి రావాలి. అప్పుడే కారణం తేలినట్లు.

జ్ఞాపక స్థలానికి చెందిన దోషాలను పట్టుకోవడానికి 2002లో విడుదలైన వాల్‌గ్రైండ్, 2012లో గూగుల్ పరిశోధకులు వెలువరించిన అడ్రస్ శానిటైజర్ వంటి పనిముట్లు ఉపయోగపడతాయి. 

కంపైలరు మెరుగుదలలను శాశ్వతంగా ఆపివేయడం, రెండు పనుల మధ్య కొంత ఆలస్యం చొప్పించడం వంటివి తరచుగా కనిపించే చిట్కాలు. వీటితో లక్షణం అణగిపోతుంది, దోషం అలాగే ఉంటుంది. వేగవంతమైన కొత్త యంత్రం మీదనో, కొత్త కంపైలరుతోనో అది మళ్ళీ తలెత్తుతుంది.

నివారణ

ఒక్కసారే బిల్డు చేసి, అదే బిల్డును పరీక్షా దశ నుండి విడుదల దాకా పంపడం మొదటి జాగ్రత్త. ప్రతి దశలోనూ మళ్ళీ బిల్డు చేస్తే పరీక్షించినది ఒకటి, విడుదలైనది మరొకటి అవుతుంది. బిల్డును ప్రోగ్రామరు కంప్యూటరులో కాక, ఏమీ స్థాపించని శుభ్రమైన యంత్రంలో చేయడం రెండవది. లైబ్రరీల రూపాలను అంకెలతో సహా ఒక ఫైలులో బిగించి ఉంచడం మూడవది. అవసరమైన అమరిక ఏదైనా లేకపోతే ప్రోగ్రాము ప్రారంభంలోనే స్పష్టమైన సందేశంతో ఆగేలా రాయడం నాలుగవది. కొత్త రూపాన్ని మొదట కొద్దిమంది వాడుకరులకే విడుదల చేసి, గమనించి, తరువాత అందరికీ అందించడం ఐదవది.

2013లో విడుదలైన డాకర్ వంటి పనిముట్లు ప్రోగ్రామును దాని లైబ్రరీలతో సహా ఒకే పెట్టెలో పెట్టి ఎక్కడైనా ఒకేలా నడిపే వీలు కల్పించాయి. డెబియన్ లినక్స్ సమూహం 2013లో ప్రారంభించిన పునరుత్పాదక బిల్డుల కృషి, ఒకే సోర్సు కోడు నుండి ఎవరు, ఎప్పుడు బిల్డు చేసినా బిట్టు బిట్టూ ఒకేలా ఉండే ఫలితం రావాలని ఆశిస్తుంది. అలా వస్తే రెండు బిల్డులను నేరుగా పోల్చి తేడా తెలుసుకోవచ్చు.

పరిమితులు

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పరీక్షా స్థలం, వాస్తవ స్థలం పూర్తిగా ఒకటి కాలేవు. డాకర్ పెట్టెలు కూడా తాము నడిచే యంత్రపు కెర్నెలునే పంచుకుంటాయి. వాస్తవ సమాచారపు పరిమాణం, వాడుకరుల సంఖ్య, నెట్‌వర్కు జాప్యం, తెల్లవారుజాము వేళ, ఊహించని అక్షర క్రమం పెట్టెలో ఇమిడేవి కావు. అందువలన విడుదలైన సాఫ్టువేరులో కూడా తనను తాను వివరించుకునే సదుపాయాలను, అనగా స్పష్టమైన లాగ్ సందేశాలను, రూప సంఖ్యను, శోధన గుర్తులను నిలిపి ఉంచడం అవసరం. కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న యంత్రాన్ని సరిదిద్దగలగడానికి, పక్క గదిలోని సర్వరులో ఏం జరుగుతోందో తెలియక గంటలు గడపడానికి మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఇదే.

ఇవి కూడా చూడండి

కంపైలరు
నిర్వాహక వ్యవస్థ
యూనికోడ్
మార్స్ పాత్‌ఫైండర్